పసుపా... కుంకుమా?

ఇటలీలో మారనెల్లో అని ఓ చిన్న ఊరుంది. జనాభా 17 వేలకు అటూ ఇటూ. మన దగ్గరైతే ఓ పెద్ద పంచాయతీ కింద లెక్క. ఆ ఊరి చర్చిలో ఆదివారం ప్రార్థనకు గంటలు మోగుతాయి. పెళ్లయితే మోగుతాయి. ఎక్కడో బ్రెజిల్‌లోనో జపాన్‌లోనో జరిగే ఫార్ములా వన్‌ పందెంలో ఫెరారీ కారు గెలిచినా మోగుతాయి! మరి ఆ కారు పుట్టేది ఈ ఊళ్లోనే. ఊరికి దేవుడు ఒకడైతే, క్షేత్రపాలకుడు మాత్రం నిస్సందేహంగా ఎంజో ఫెరారీ. ఆయన పోయి (1988లో) ఇన్నేళ్లయినా పెత్తనం ఆయనదే.

వీధుల పేర్లు చదువుకుంటూ నడిస్తే చాలు, కార్ల పందేల చరిత్ర తెలిసిపోతుంది. నువొలారి, అస్కారి, విల్‌నెవ్‌... అందరూ డ్రైవర్లే. మ్యూజియం ఉన్న వీధికి డినో ఫెరారీ పేరు పెట్టారు. 24 ఏళ్లకే చనిపోయిన ఎంజో పెద్ద కొడుకు అతను. ఇక రంగు సంగతి చెప్పక్కర్లేదు. దుకాణాల్లో టోపీలు ఎరుపు, గొడుగులు ఎరుపు, పసిపిల్లల చొక్కాలు ఎరుపు, తాళంచెవుల గుత్తులు ఎరుపు. జాతర రోజు అమ్మవారి గుడి ముందు కుంకుమ దుకాణాలు గుర్తొస్తాయి.

అలాంటి ఊరికి మేం నిగనిగలాడే పసుపు కారులో వెళ్లాం. అదీ ఫెరారీ కాదు, ఫియట్‌!

తంగేడు పువ్వు రంగు

మా అక్క కొడుకు బొలోనాలో ఇంజినీరు. అక్కడే ఎంటెక్‌ లాంటిది చదివి, ప్యాకింగ్‌ యంత్రాలు తయారుచేసే కంపెనీలో చేరాడు. బొలోనా చుట్టుపక్కల అలాంటి కంపెనీలు చాలా ఉన్నాయి. టీ పొడిని చిన్న సంచుల్లో నింపే యంత్రాలకు ఆ ప్రాంతం పెట్టింది పేరు. వాడికి చిన్నప్పట్నుంచీ కార్ల పిచ్చి. రెండేళ్ల కిందట పాత స్పోర్ట్స్‌ కారొకటి కొన్నాడు. ఫియట్‌ కూపే, 1997 మోడల్‌.

ఫియట్‌ అంటే మన కళ్ల ముందు మెదిలేది ప్రీమియర్‌ పద్మినే. ఇది ఆ బాపతు కాదు. 1993 నుంచి 2000 వరకు, మొత్తం 70 వేల పైచిలుకు చేశారు. గీసినవాడు క్రిస్‌ బ్యాంగిల్‌ అనే అమెరికన్‌. చక్రాల మీద బాడీని కత్తితో ఏటవాలుగా చెక్కినట్టు రెండు గీతలుంటాయి. చూడగానే కొందరికి నచ్చేస్తుంది, కొందరికి ఎప్పటికీ నచ్చదు. లోపలి భాగం డిజైను, తయారీ పినిన్‌ఫరీనా వాళ్లవి. ఎన్నో ఫెరారీలకు ఒళ్లు దిద్దింది ఆ సంస్థే. మావాడి కారులో అయిదు సిలిండర్ల టర్బో ఇంజిన్‌. తొక్కితే 250 కిలోమీటర్లు దాటుతుందట. నేను పక్కన కూర్చున్నప్పుడు నూటపది దాటనివ్వలేదు.

దాని పసుపు రంగుకు ఫియట్‌ పెట్టిన పేరు ‘జాల్లో జినెస్త్రా’. జినెస్త్రా అంటే ఇటలీ కొండవాలుల్లో వేసవి మొదట్లో పూసే ఓ పొద. మేం వెళ్లింది మే నెలాఖరు. దారి పొడవునా గట్ల మీద ఆ పూలే. చూస్తే అచ్చం మన తంగేడు. కాబట్టి ‘తంగేడు పసుపు’ అనుకోవచ్చు.

ఆ రంగే ఇప్పుడు సమస్య. మావాడికి దాన్ని ఎరుపు చేయించాలని ఉంది. మోదెనా శివార్లలో ఓ పెయింటరును చూసిపెట్టుకున్నాడు. ఆయన చెప్పిన ధర నాలుగున్నర వేల యూరోలు. మన డబ్బులో నాలుగు లక్షల పైమాటే. కారు కొన్న ధరలో దాదాపు సగం. మూడేళ్లుగా ఊరికి రాలేదు, ఈ సంక్రాంతికి ముగ్గురూ రావాలనుకుంటున్నారు. ఆ టిక్కెట్ల డబ్బూ, ఈ రంగు డబ్బూ ఒకే ఖాతాలోంచి రావాలి. ‘శుక్రవారం సాయంత్రం నాలుగింటికి వచ్చి అవునో కాదో చెప్పు, వచ్చే నెల వేరే బండి ఒప్పుకొంటున్నా’ అన్నాడట పెయింటరు. నేను బొలోనా వెళ్లింది ఆ వారమే. ‘మామయ్యా, పొద్దున మారనెల్లో, మధ్యాహ్నం మోదెనా చూపిస్తా, సాయంత్రం అటు వెళ్దాం’ అన్నాడు.

వాడి భార్యకి రంగు మార్చడం సుతరామూ ఇష్టం లేదు. ‘పసుపు శుభమండీ బాబాయిగారూ, మీరైనా చెప్పండి’ అంది బయల్దేరేముందు. ఆరేళ్ల కూతురు ఆ కారుని ‘లిమోనె’ అని పిలుస్తుంది. ఇటాలియన్‌లో నిమ్మకాయ. స్కూలు గేటు దగ్గర వందకార్లున్నా లిమోనెను వెతుక్కోవాల్సిన పని లేదు.

మరి ఎందుకురా అంటే దార్లో చెప్పాడు. కొన్న రోజు తెనాలికి వీడియో కాల్‌ చేసి వాళ్ల నాన్నకి కారు చూపించాడట. మా బావ ముప్ఫై ఏళ్లు టాక్సీ తోలాడు. మొదట అంబాసిడర్‌, తర్వాత ఇండికా. పసుపు నంబరు ప్లేటు మీదే అక్కకి నగలు, ఇద్దరు పిల్లల చదువులు అన్నీ. కారు చూసి నవ్వుతూ ‘నేను జీవితమంతా పసుపు ప్లేటు తోలా. నువ్వు అంత దూరం వెళ్లి బండి మొత్తం పసుపుదే కొన్నావట్రా’ అన్నాడట. ‘నాన్న సరదాగానే అన్నాడు మామయ్యా. కానీ కారు ఎక్కిన ప్రతిసారీ అదే మాట వినిపిస్తోంది’ అన్నాడు. నాకు ఏమనాలో తోచలేదు. కిటికీలోంచి జినెస్త్రా పూలు చూస్తూ కూర్చున్నా.

ఎరుపు ఎవరిది?

ఫెరారీ ఫ్యాక్టరీ అబెటోనె రోడ్డు మీద ఉంటుంది. 1943లో, యుద్ధం రోజుల్లో ఎంజో తన పనిశాలను మోదెనా నుంచి 18 కిలోమీటర్ల దూరంలోని ఈ పల్లెకి తరలించాడు. మరుసటి ఏడాది దానిమీదా బాంబులు పడ్డాయి. మళ్లీ కట్టుకున్నాడు. 1947 మార్చి 12న ఆయన పేరు మోసే తొలి కారు, 125 ఎస్‌, ఈ గేటులోంచే రోడ్డెక్కింది. గేటు ఎదురుగా కవలీనో అనే హోటల్‌. ఎంజో రోజూ భోంచేసిన చోటు. 2021లో మాస్సిమో బొత్తూరా అనే పేరుమోసిన వంటమాస్టరు చేతుల మీదుగా కొత్త హంగులతో తెరిచారు. బయట పెట్టిన ధరల పట్టీ చదివి, పక్క వీధిలో కాఫీ తాగాం.

అక్కణ్నుంచి గేటు కనిపిస్తుంది. అరగంటలో మావాడు లెక్కపెట్టాడు... లోపలికీ బయటికీ తిరిగిన ఫెరారీలు పదకొండు. వాటిలో ఎరుపువి నాలుగే. బూడిద రంగు మూడు, నలుపు రెండు, నీలం ఒకటి, తెలుపు ఒకటి. ఫెరారీ అంటే ఎరుపే అనుకుంటాం గానీ డబ్బుపెట్టి కొనేవాళ్లలో ఆ మోజు ఒకప్పటంత లేదు. 1990ల్లో అమ్ముడైన వాటిలో అత్యధికం ఎరుపువే. తర్వాత తర్వాత ఆ వాటా తగ్గుతూ వచ్చింది.

ఇంకో విషయం. అసలు ఆ ఎరుపు ఫెరారీ సొంతం కాదు. అది ఇటలీ దేశానిది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్ల పందేలంటే దేశాల మధ్య పోటీ. దూరం నుంచి ఎవరి కారేదో తెలియాలంటే దేశానికో రంగు ఉండాలన్నారు. ఫ్రాన్స్‌ నీలం తీసుకుంది. జర్మనీ తెలుపు, బెల్జియం పసుపు, ఇటలీ ఎరుపు. ఇంగ్లండు ఆకుపచ్చ కథ తమాషాగా ఉంటుంది. 1903లో పందెం నడిపే వంతు వాళ్లకొచ్చింది. కానీ ఇంగ్లండు రోడ్ల మీద పందేలకి చట్టం ఒప్పుకోదు. దాంతో ఐర్లండుకి వెళ్లి నడిపారు. ఆతిథ్యమిచ్చిన దేశానికి మర్యాదగా కార్లకి పచ్చరంగు పూశారు. అదే నిలిచిపోయింది.

రంగు మార్చడంలో అందరికన్నా పేరు పడింది మాత్రం జర్మన్లే. 1934లో పందెపు కారు బరువు 750 కిలోలు మించకూడదని నిబంధన. నూర్‌బుర్గ్‌రింగ్‌లో పోటీ ముందురోజు తూకం వేస్తే మెర్సిడెస్‌ ఒక్క కిలో ఎక్కువ తూగిందనీ, రాత్రికి రాత్రి తెల్లరంగు గీకేస్తే కింద అల్యూమినియం మెరిసిందనీ, అప్పట్నుంచే జర్మనీ వెండిరంగుకి మారిందనీ చెబుతారు. చెప్పినవాడు ఆ జట్టు మేనేజర్‌ నాయ్‌బావర్‌. చరిత్రకారులు ఈ కథని పూర్తిగా నమ్మరు. నాకైతే నమ్మాలనే ఉంది. పూసి మార్చినవాళ్లు కోకొల్లలు. గీకి మార్చినవాళ్లు వీళ్లే!

1929లో ఎంజో సొంతంగా పందెపు జట్టు పెట్టినప్పుడు నడిపింది ఆల్ఫా రోమియో కార్లు. అవీ ఎరుపే. తర్వాత సొంత కార్లు చేసినా రంగు అదే కొనసాగింది. 1960ల చివర్లో సిగరెట్‌ కంపెనీల డబ్బు రావడంతో మిగతా జట్లు దేశాల రంగులు వదిలేసి డబ్బిచ్చినవాడి రంగు వేసుకున్నాయి. ఫెరారీ మాత్రం ఎరుపు వదల్లేదు. అలా దేశం రంగు కాస్తా కంపెనీ రంగైపోయింది.

వదల్లేదంటే... ఒక్కసారి వదిలింది. మ్యూజియంలో మావాణ్ని ఎక్కువసేపు కదలనివ్వని కథ అదే. 1964. ఎంజో తయారుచేసిన ఓ కొత్త కారుని ఫలానా తరగతిలో పోటీకి ఒప్పుకోవాలన్న విషయంలో ఇటలీ ఆటోమొబైల్‌ సంఘం తన తరఫున గట్టిగా నిలబడలేదని ఆయనకి కోపమొచ్చింది. ‘ఇక మీ ఎరుపు నాకొద్దు’ అని అలిగాడు. ఆ ఏడాది చివరి రెండు పందేలకి, అమెరికా, మెక్సికోలకి, ఫెరారీలు తన అమెరికా డీలరు జట్టు పేరిట నీలం, తెలుపు రంగుల్లో వెళ్లాయి. మెక్సికోలో జాన్‌ సర్టీస్‌ రెండోస్థానంలో వచ్చి ప్రపంచ చాంపియన్‌ అయ్యాడు. అంటే ఫెరారీ గెలిచిన ఓ ప్రపంచ టైటిల్‌ ఎరుపు కారులో తేలింది కాదు! తర్వాత కోపం చల్లారింది, ఎరుపు తిరిగొచ్చింది.

ఆ ఎరుపు కూడా ఏనాడూ ఒకటే ఎరుపు కాదు. మ్యూజియంలో కార్లు వరసగా పెట్టి ఉంటే తెలిసిపోతుంది. మొదటి 125 ఎస్‌ది ముదురు, పండిన నేరేడు వైపు వెళ్లే ఎరుపు. 2020లో ముజెల్లోలో వెయ్యో గ్రాండ్‌ ప్రీకి మళ్లీ ఆ ముదురు రంగే వేశారు. షుమాకర్‌ 2000 నుంచి 2004 వరకు వరసగా అయిదు టైటిళ్లు గెలిచిన కార్లది నారింజ కలిసిన ఎరుపు. టీవీలో బాగా కనిపించాలన్న సిగరెట్‌ కంపెనీ మహిమ అది. వాటి పక్కన నిలబడి ‘ఇందులో ఏ ఎరుపు వేయిస్తావురా’ అంటే మావాడు బుర్ర గోక్కున్నాడు.

మనకి బాగా తెలిసిన ఫెరారీ సచిన్‌దే కదా. బ్రాడ్‌మన్‌ 29 సెంచరీల సరసన చేరినందుకు 2002లో సిల్వర్‌స్టోన్‌లో షుమాకర్‌ చేతుల మీదుగా తాళాలు అందుకున్నాడు. దిగుమతి సుంకం మినహాయింపు మీద పెద్ద రగడ జరిగింది. చివరికి ఆ సుంకం ఫియటే కట్టింది. 2011లో సచిన్‌ దాన్ని సూరత్‌ వ్యాపారికి అమ్మేశాడు. ఆ కారు ఎరుపు. దాని పేరు మాత్రం 360 మోదెనా. ఆ మోదెనాకే మా తర్వాతి మజిలీ.

పసుపు ఊరు

మ్యూజియం బయట అద్దె ఫెరారీలు బారులు తీరి ఉంటాయి. పది నిమిషాలకింత, అరగంటకింత. పక్కన మనిషి కూర్చుని నడిపిస్తాడు. మన పసుపు ఫియట్‌ని చూసి వాళ్లలో ఒకతను బొటనవేలు పైకెత్తాడు. ‘బెల్లా’ అన్నాడు. అందంగా ఉందని. మావాడి మొహంలో ఆ పూట కనిపించిన మొదటి నవ్వు అదే.

మోదెనా అరగంట దారి. చక్కని ఊరు. పన్నెండో శతాబ్దపు కేథడ్రల్‌, పక్కనే 86 మీటర్ల గిర్లాందీనా గోపురం, ముందు విశాలమైన రాతి ముంగిలి. 1997 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అల్బినెల్లి మార్కెట్లో తిండి మాత్రం మనవాళ్లు కాస్త చూసి తినాలి. తొర్తెల్లీని అనే చిన్న కజ్జికాయల్లాంటి వాటిలో పంది మాంసం ఉంటుంది. పూరీలా పొంగి నోరూరించే ‘న్యొక్కో ఫ్రిత్తో’ని సంప్రదాయంగా పంది కొవ్వులో వేయిస్తారు. శాకాహారులు రికోటా, పాలకూర కూరిన తొర్తెల్లోనీ అడగాలి. పేర్లు ఒకేలా ఉంటాయి, జాగ్రత్త. ఈ ఊరి ద్రాక్ష వెనిగర్‌ని కనీసం 12 ఏళ్లు పీపాల్లో ఊరబెడతారు. 25 ఏళ్లదీ దొరుకుతుంది. బొట్టు నాలిక మీద వేసుకుంటే పాత చింతపండు, కొత్త బెల్లం కలిపినట్టుంది.

మోదెనా జెండా రంగులు పసుపు, నీలం. ఇక్కడి ఫుట్‌బాల్‌ జట్టు చొక్కా పసుపే. అభిమానులు ముద్దుగా ‘కానరీ పిట్టలు’ అంటారు. ఎంజో 1898లో పుట్టింది ఈ ఊళ్లోనే, రైల్వేస్టేషన్‌కి దగ్గర్లో. వాళ్ల నాన్న ఇనుప పని చేసేవాడు. ఇల్లూ, కార్ఖానా ఒకే ఆవరణలో. ఆ పాత ఇటుకల భవనాన్ని అలాగే ఉంచి, పక్కన 2012లో కొత్త మ్యూజియం కట్టారు. యాన్‌ కాప్లిత్స్కీ గీసిన నమూనా. ఆయన అది పూర్తయ్యేదాకా బతకలేదు. పైకప్పు మొత్తం అల్యూమినియం. కారు బానెట్‌లా వంపు తిరిగి, గాలి వెళ్లే చీలికలతో సహా ఉంటుంది. దాని రంగు... మీరు ఊహించింది కరెక్టే. నిలువెల్లా పసుపు.

ఫెరారీ ఊరంతా ఎరుపైతే, ఎంజో పుట్టినిల్లు పసుపెందుకు? జవాబు ప్రతి ఫెరారీ ముక్కు మీదా ఉంది. ముందు కాళ్లు ఎత్తిన నల్లగుర్రం బొమ్మ. అది మొదటి ప్రపంచయుద్ధంలో ఇటలీ విమాన వీరుడు ఫ్రాంచెస్కో బరాక్కా తన విమానం మీద వేసుకున్న గుర్తు. 1918లో అతను చనిపోయాడు. 1923లో రవెన్నా దగ్గర సావియో పందెంలో ఎంజో గెలిచినప్పుడు బరాక్కా తల్లిదండ్రులు పరిచయమయ్యారు. ‘మావాడి గుర్రాన్ని నీ కారు మీద వేసుకో నాయనా, అదృష్టం కలిసొస్తుంది’ అని ఆ తల్లి ఇచ్చిందట. గుర్రాన్ని నల్లగానే ఉంచాడు ఎంజో. వెనక మాత్రం తన ఊరి పసుపు నింపాడు. ఎరుపు దేశమిచ్చింది. గుర్రం ఓ తల్లి ఇచ్చింది. తనంతట తాను ఎంచుకున్న రంగంటే పసుపే. 2022లో ఇటలీ గ్రాండ్‌ ప్రీకి ఫెరారీ జట్టు కార్ల మీదా, డ్రైవర్ల దుస్తుల మీదా ఆ పసుపే వేసుకొచ్చింది.

మావాడు మ్యూజియం ఎదురుగా కారు ఆపి, పసుపు కప్పు వెనకాల వచ్చేలా ఓ ఫొటో తీశాడు. ఎవరికి పంపాడో నేను అడగలేదు.

డ్యాష్‌బోర్డు చెప్పిన మాట

పెయింటరు షెడ్డు చూస్తే మన ఆటోనగర్‌ గుర్తొచ్చింది. కాకపోతే నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. అరవై దాటిన మనిషి. మాట తక్కువ. జేబులోంచి అగ్గిపెట్టెంత మీటరు తీసి కారు మీద అక్కడక్కడా ఆనించాడు. రంగు మందం చెప్పే పరికరం అది. కప్పు మీద 110 మైక్రాన్లు. తలుపుల మీద 115, 120. బానెట్‌ మీద 280! అంటే బానెట్‌కి గతంలో ఎవరో మళ్లీ రంగు వేశారు. మిగతా ఒళ్లంతా 1997లో ఫ్యాక్టరీలో పూసిందే.

తర్వాత తలుపు తీసి లోపల చూపించాడు. ఫియట్‌ కూపేకి ఓ ప్రత్యేకత ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఓ పట్టీ ఉంటుంది, బయటి రంగే దానికీ వేస్తారు. దానిమీదే పినిన్‌ఫరీనా పేరు. కారు ఎరుపై, పట్టీ పసుపుగా ఉంటే సిగ్గుచేటు. పట్టీ మార్చాలంటే డ్యాష్‌బోర్డు ఊడదీయాలి. ఆ పేరు పోకుండా చూడాలి. తలుపుల అంచులు, డిక్కీ లోపలి వైపు, ఇంజిన్‌ గది గోడలు... అన్నీ పసుపే. అన్నీ మార్చాలంటే అద్దాలు తీయాలి, రబ్బర్లు తీయాలి. ఇంజిన్‌ దించకుండా దాని చుట్టూ సరిగ్గా పూయలేం. నాలుగున్నర వేలకు అయ్యేది కళ్లకి కనిపించే భాగమే. ‘బానెట్‌ ఎత్తినప్పుడల్లా పాత కారు కనిపిస్తుంది’ అన్నాడాయన.

పైగా పసుపు మీద ఎరుపు పూయడం అనుకున్నంత తేలిక కాదట. రెండూ పల్చటి రంగులే, కింద ఉన్నదాన్ని తొందరగా కప్పవు. ముందు దానికి తగ్గ అడుగు పూత వేసి, దానిమీద రంగు రెండు మూడు దఫాలు, ఆపైన మెరుపు పూత. అంతా అయ్యాక ఎండకి ముందు వెలిసేదీ ఎరుపే. మన ఊళ్లో పాత మారుతీలు గులాబీ రంగుకి తిరగడం చూడలేదూ?

‘స్టిక్కర్‌ వేయిస్తే?’ అన్నాన్నేను. ఈ రోజుల్లో కారు మొత్తానికి ప్లాస్టిక్‌ పొర అంటిస్తున్నారు కదా. వద్దనుకుంటే పీకేయొచ్చు. ఆయన తలూపాడు. ఫ్యాక్టరీ రంగు మీదైతే ఫరవాలేదు, కానీ బానెట్‌ మీద గతంలో వేసిన పూత ఎంత గట్టిదో తెలీదు, పొర పీకినప్పుడు రంగూ ఊడి రావచ్చన్నాడు. పైగా తలుపు తీస్తే పసుపు పసుపుగానే ఉంటుంది. మన దగ్గరైతే ఇంకో తలనొప్పి కూడా ఉంది. ఆర్‌సీలో కారు రంగు రాసి ఉంటుంది కాబట్టి రంగు మార్చాలంటే ఆర్టీవో అనుమతి తీసుకుని, ఆ మార్పు ఆర్‌సీలో రాయించుకోవాలి. చాలామంది ఇది పట్టించుకోరు. అమ్మేటప్పుడో, ప్రమాదం జరిగి బీమా అడిగేటప్పుడో తెలిసొస్తుంది.

పాతబడి విలువ పెరిగే కార్ల విషయంలో కొనేవాళ్లు మొదట వెతికేది పుట్టు రంగేనట. ఇంటి కొలతలు ఏమైనా మారాయా అని పాత దస్తావేజు చూసుకున్నట్టు, ఈ మైక్రాన్ల మీటరు పెట్టి చూసుకుంటారు. ఫ్యాక్టరీ పూత ఒకసారి గీకితే మళ్లీ రాదు. డబ్బు సంగతే చూస్తే ఇక వాదనే లేదు. కానీ మావాడు ఇక్కడికి వచ్చింది డబ్బు లెక్క తేల్చుకోవడానికి కాదని నాకు తెలుసు. అందుకే నోరు మెదపలేదు.

మావాడు షెడ్డు బయటికి వెళ్లి ఫోన్‌ చేశాడు. తెనాలిలో రాత్రి ఏడున్నర. స్పీకర్‌ పెట్టాడు కాబట్టి నాకూ వినిపించింది. మధ్యాహ్నం ఫొటో చేరినట్టుంది. బావ రంగు ఊసే ఎత్తలేదు. ‘ఎన్ని కిలోమీటర్లు తిరిగింది బండి?’ అన్నాడు. లక్షా నలభై వేలన్నాడు వీడు. ‘టైమింగ్‌ బెల్టు ఎప్పుడు మార్చారు?’ వీడు నీళ్లు నమిలాడు. కొన్నప్పుడు అడిగాడట, అమ్మినాయన దగ్గర కాగితం లేదు. అవతల బావ గొంతు పెరిగింది. ‘రెండేళ్లయింది, కాగితం లేని బండిలో పిల్లని స్కూలుకి తీసుకెళ్తున్నావా? బెల్టు తెగితే ఇంజిన్‌ చేతికొస్తుందిరా. ఇండికాకి నేను తారీఖు రాసుకుని మార్పించేవాణ్ని. నీకు నేర్పింది ఇదేనా’ అని దులిపేశాడు. వీడు ‘సరే నాన్నా, సరే నాన్నా’ తప్ప ఇంకో మాట అనలేదు. చివర్లో నేను వింటున్నానని తెలిసి ‘ఏం బావా, నువ్వైనా చెప్పొద్దా’ అని నన్నూ కలిపాడు.

ఈ ఇంజిన్‌కి బెల్టు మార్చడం కూడా చిన్న పని కాదని తర్వాత తెలిసింది. పద్ధతి ప్రకారం చేయాలంటే ఇంజిన్‌ కిందికి దించాల్సిందే. పెయింటరే తనకి తెలిసిన మెకానిక్‌ నంబరిచ్చాడు.

లోపలికొచ్చి మావాడు పెయింటరుతో ఇటాలియన్‌లో రెండు నిమిషాలు మాట్లాడాడు. ఆయన కెమెరా లాంటి పరికరం తెచ్చి తలుపు మీద ఓ చోట శుభ్రంగా తుడిచి ఆనించాడు. పాతికేళ్ల ఎండకి రంగు ఎంత మారిందో చూసి, దానికి సరిపడా పసుపు కలపాలి. కంపెనీ నంబరు చూసి కలిపితే కొత్త బానెట్‌ ఒక్కటే వేరుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుందట. బానెట్‌ వరకే, అదీ పసుపే. అయిదువందల యూరోలు. వచ్చే నెల పదిహేనున బండి ఇమ్మన్నాడు. మావాడు వంద యూరోలు అడ్వాన్సు కట్టాడు. సంక్రాంతి టిక్కెట్లు ఆ రాత్రే కొన్నారు.

వెళ్లాలనుకుంటే...

బొలోనా నుంచి మోదెనా 40 కిలోమీటర్లు. రైల్లో అరగంట లోపే. ఎంజో పుట్టింటి మ్యూజియం స్టేషన్‌ నుంచి నడిచి వెళ్లే దూరం. అక్కణ్నుంచి మారనెల్లో మ్యూజియానికి బస్సు ఉంటుంది. రెండింటికీ కలిపి ఒకే టిక్కెట్‌ తీసుకోవచ్చు. దారి మళ్లి సాంత్‌ఆగతా బొలోనీజె వెళ్తే లాంబోర్గిని మ్యూజియం. ట్రాక్టర్లు చేసుకునే ఫెర్రూచ్చియో లాంబోర్గిని 1963లో కార్లు మొదలుపెట్టాడు. పందేల జోలికి పోలేదు కాబట్టి ఆయనకి ఎరుపు కట్టుబాటు లేదు. అక్కడ నారింజ, చిలకాకుపచ్చ... ఏ రంగైనా కనిపిస్తుంది. ఆగస్టు మధ్యలో మాత్రం వెళ్లకండి. ఎండ మన రెంటచింతలని తలపిస్తుంది, సగం దుకాణాలు సెలవులకి మూసేసి ఉంటాయి. మే నెల చివర వెళ్తే దార్లో విన్యోలా చెర్రీలు బుట్టల్లో పెట్టి అమ్ముతుంటారు. మేం రెండు కిలోలు కొన్నాం, బొలోనా చేరేసరికి కిలో మిగిలింది.